నెలనెలా ఇంటి వ్యయము: దేశపు లెక్కయు, రైతు లెక్కయు

రైతు ఇంటికి రాబడి పంటవెంట వచ్చును. వ్యయము నెలవెంట వచ్చును. సార్వా ధాన్యము కళ్లము దాటి అమ్ముడుపోయిన దినమున చేతిలో సొమ్ము కనబడును. ఆ సొమ్ము మరల కంటబడుటకు రెండు పంటల మాగాణి రైతునకు ఆరు మాసములు, మెట్ట రైతునకు ఏడాది పట్టును. ఈ నడుమ ఉప్పు, నూనె, పిల్లల చదువు, వైద్యము, ప్రయాణము, కరెంటు బిల్లు మొదలగునవి ఏ నెల కా నెల వాకిట నిలుచుచునే యుండును. మన సంఘములలో పంట అప్పునకు దరఖాస్తు పెట్టుకొను సభ్యుని, ఎకరమునకు విత్తన మెంత, ఎరు వెంత, కూలి యెంత అని అడిగినచో తడుముకొనక చెప్పును. గడచిన నెలలో ఇంటికెంత వ్యయమైనదని అడిగినచో మాత్రము జవాబు దొరకుట అరుదు. సేద్యపు లెక్క తెలిసి సంసారపు లెక్క తెలియకపోవుటవలన, పంట అప్పు సంసారములోనికి జారి, పంట చేతికి వచ్చునప్పటికి రెండు లెక్కలును చిక్కుపడుచున్నవి.

మనము లెక్కింపని ఈ వ్యయమును దేశమంతటికిని లెక్కించువారు కలరు. ఆ లెక్క యెట్లు తీయబడునో, అది యేమి చెప్పుచున్నదో, సరుకు అమ్మువాడుగాను గృహస్థుగాను రైతునకు దానివలన కలుగు ప్రయోజన మేమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

లెక్క తీయు విధానము

కుటుంబ వ్యయమునుబట్టి ప్రజల స్థితిని తెలిసికొనుట క్రొత్త విద్య కాదు. 1857 లో జర్మనీ యందలి సాక్సనీ రాజ్యమున గణాంకశాఖ నడిపిన ఎర్నెస్ట్ ఎంగెల్ అను పండితుడు, బెల్జియము దేశపు కార్మిక కుటుంబముల జమాఖర్చులను పరిశీలించి ఒక నియమమును కనుగొనెను. కుటుంబము ఎంత బీదదైన, దాని వ్యయములో ఆహారమునకు పోవు పాలు అంత హెచ్చుగా నుండును. స్థితి మెరుగుపడినకొలది ఆ పాలు తగ్గును. ఈ నియమము నేటికిని నిలిచియున్నది.

మన దేశమున ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారి కృషివలన ఏర్పడిన జాతీయ నమూనా సర్వే 1950 అక్టోబరులో తన మొదటి విడతను ఆరంభించెను. నాటినుండి పలుమారులు కుటుంబ వ్యయము లెక్కింపబడుచు వచ్చినది. 2011-12 తరువాత 2017-18 లో జరిపిన సర్వే ఫలితములను ప్రభుత్వము ప్రకటింపలేదు. కావున పదునొకండు సంవత్సరముల తరువాతగాని 2022-23 లెక్క వెలువడలేదు. దాని వెంటనే 2023-24 లెక్కయు వచ్చినది. ఈ రెండవ లెక్క 2023 ఆగస్టు మొదలు 2024 జూలై వఱకు సాగెను. ఇందు 2,61,953 కుటుంబములను ప్రశ్నించిరి. వానిలో 1,54,357 గ్రామీణ కుటుంబములు.

ఉద్యోగులు ఒక్కొక్క ఇంటికి మూడు నెలలలో మూడు పర్యాయములు పోయిరి. ఆహారమును గూర్చి ఒకమారు, సబ్బు, ఇంధనము, వైద్యము, చదువు మొదలగు వానిని గూర్చి ఒకమారు, చాలకాలము మన్ను వస్తువులను గూర్చి ఒకమారు అడిగిరి. కూరగాయలు, నూనె, గ్రుడ్లు, మాంసము, పలహారములు వంటివి త్వరగా మఱపునకు వచ్చును గనుక వానిని గడచిన ఏడు దినములకు అడుగుదురు. బియ్యము, పప్పులు, ఇంధనము వంటివి ముప్పది దినములకు. బట్టలు, చదువు, ఆసుపత్రి ఖర్చు, పాత్రసామాను వంటివి ఏడాదికి అడుగుదురు. అన్నిటిని నెల లెక్కకు తెచ్చి, ఇంటిలోని మనుష్యుల సంఖ్యచే భాగింతురు. వచ్చినదానికి తలసరి నెలవ్యయము అని పేరు.

రైతు సోదరులు ఇచట ఒక విషయమును గమనింపవలెను. గాదెలోని స్వంత ధాన్యము, ఇంటి పాడి, పెరటి కూర కొనకపోయినను ఈ లెక్కలోనికి వచ్చును. పొలమువద్ద పలుకు ధర కట్టి దానిని వ్యయముగానే వ్రాయుదురు. తిన్న బస్తా అమ్మదగిన బస్తాయే గదా! ఇంటి లెక్క వ్రాసికొనువారికిని ఇదియే సరియైన పద్ధతి.

లెక్క చెప్పు సంగతులు

దేశమున గ్రామవాసి తలసరి నెలవ్యయము 2011-12 లో 1,430 రూపాయలు. 2023-24 లో 4,122 రూపాయలు. పట్టణవాసిది నాడు 2,630, 2023-24 లో 6,996. చూపునకు గ్రామీణుని వ్యయము దాదాపు మూడింతలైనది. కాని ధరల పెరుగుదలను తీసివేసి 2011-12 నాటి ధరలలో చూచినచో గ్రామీణుని వ్యయము 1,430 నుండి 2,079 కి మాత్రమే పెరిగినది. అనగా నూరు రూపాయల వస్తువులు వాడినచోట పండ్రెండేండ్లకు నూటనలుబదియైదు రూపాయల వస్తువులు వాడుచున్నారు. తక్కినదంతయు ధరయే. సంచిలో నోట్లు హెచ్చినంతమాత్రమున సరుకు హెచ్చినట్లు కాదు.

పట్టణమునకును పల్లెకును గల అంతరము కొంత తగ్గినది. 2011-12 లో పట్టణవాసి పల్లెవానికంటె నూటికి 84 వంతులు అధికముగా వ్యయపరచుచుండెను. 2023-24 లో 70 వంతులు. మన రెండు రాష్ట్రముల గ్రామములు దేశపు సగటును మించినవి. ఆంధ్రప్రదేశ్ గ్రామములలో తలసరి 5,327 రూపాయలు, తెలంగాణ గ్రామములలో 5,435 రూపాయలు. నలుగురున్న కుటుంబమునకు కట్టినచో, గాదెలోని ధాన్యముతో సహా, నెలకు ఇరువదియొక్క వేల రూపాయలకు పైబడుచున్నది. ఈ యంకెను చదివిన సభ్యుడు తన యింటి అంకె దీనికి ఎగువనున్నదో దిగువనున్నదో చెప్పగలడా అనునదియే మా ప్రశ్న.

ధాన్యపు పాలు తగ్గిన తీరు

ఈ లెక్కలలో ధాన్యము పండించువాడు ముఖ్యముగా చూడదగినది మఱియొకటి కలదు. 1999-2000 లో గ్రామీణ కుటుంబము వ్యయపరచిన ప్రతి నూరు రూపాయలలో బియ్యము, గోధుమ, జొన్న మొదలగు ధాన్యములకే 22 రూపాయలు పోయెను. 2011-12 లో అది 10 రూపాయల 69 పైసలకు దిగెను. 2023-24 లో 4 రూపాయల 97 పైసలు మాత్రమే. పట్టణములలో 3 రూపాయల 74 పైసలు. ఆహారమంతటికిని కలిపి గ్రామములలో 1999-2000 లో నూటికి 59 వంతులు పోవుచుండగా 2023-24 లో 47 వంతులు పోయినవి. ఎంగెల్ చెప్పిన నియమము మన పల్లెలలోనే కనబడుచున్నది.

ధాన్యమునుండి తప్పిన రూపాయి ఎచటికి పోయినది? 2023-24 లో గ్రామీణుడు నూటికి 8.44 వంతులు పాలు, పాల వస్తువులకును, 6.03 వంతులు కూరగాయలకును, 4.92 వంతులు గ్రుడ్లు, చేపలు, మాంసమునకును ఇచ్చినాడు. వీని యన్నిటికంటె అధికముగా, నూటికి 9.84 వంతులు, పానీయములకును, పలహారములకును, వండి కట్టిన పొట్లముల సరుకులకును పోయినవి. రూపాయలలో చెప్పవలెనన్న, తల ఒక్కింటికి నెలకు ధాన్యమునకు సుమారు 205 రూపాయలు, పలహార పానీయములకు 405 రూపాయలు. అన్నమునకంటె రెండింతలు చిరుతిండికి, తేనీటికి పోవుచున్నదన్నమాట. ఆహారము కాని వ్యయములలో ప్రయాణములకు నూటికి 7.59 వంతులు, వైద్యమునకు 6.83 వంతులు పట్టినవి.

దీనినుండి రైతు గ్రహింపవలసినది స్పష్టము. ధాన్యము మాత్రమే పండించి పచ్చిసరుకుగా అమ్ము రైతు, దేశము తన సంచిలోనుండి అతిస్వల్పముగా తీయు వంతునకు కాచుకొనియున్నాడు. అతడే సంతకు పోయి, తన సెనగలే పిండియై, తన వేరుసెనగలే నూనెయై, తన బియ్యమే అటుకులై వచ్చిన పొట్లమునకు హెచ్చు వెల యిచ్చి కొనుచున్నాడు. పచ్చిసరుకునకును పొట్లమునకును నడుమనున్న లాభము అతని గ్రామమున నిలుచుట లేదు.

అయినను కాలువ క్రింది మాగాణి రైతులందఱు వరి మానవలెనని మేము చెప్పము. వరికితప్ప వేఱొక పైరునకు తగని భూములు కలవు; మద్దతు ధరకు కొను ఏర్పాటు వరికి ఉన్నంత నిలుకడగా కూరగాయలకు లేదు. మేము చెప్పునది, ఒక్క ధాన్యముమీదనే సంసారమంతయు నిలుపరాదని. ఇంట ఒక పాడిపశువైనను, పెరటిలో నాలుగు పాదులైనను, పొలముగట్టున కంది సాలులైనను ఉండవలెనని. 2018-19 లో జరిగిన వ్యవసాయ కుటుంబముల సర్వేయు దీనినే బలపరచుచున్నది. దేశమున వ్యవసాయ కుటుంబపు సగటు నెల రాబడి 10,218 రూపాయలలో పంటవలన వచ్చినది 3,798 మాత్రమే. కూలి జీతములవలన 4,063, పశుపోషణవలన 1,582 వచ్చినవి. ఈ పాడి కాసులు పంటవలె ఏడాదికొకమారు కాక, వ్యయమువలెనే మాటిమాటికి వచ్చును. దాని విశేషము అదియే.

లెక్కను చదువుటలో జాగ్రత్తలు

ధాన్యపు పాలు తగ్గుటకు చౌకదుకాణపు బియ్యము కూడ ఒక కారణము. పైన చెప్పిన 4,122 రూపాయలలో ఉచితముగా అందిన సరుకుల విలువ చేరలేదు. దానిని చేర్చి కట్టిన వేఱొక లెక్కలో గ్రామీణుని వ్యయము 4,247 రూపాయలు. కావున జనులు అన్నము మానిరని తలంపరాదు. అన్నమునకు చేతినుండి పెట్టు సొమ్ము తగ్గినదని మాత్రమే తలంపవలెను.

మఱియు సగటు అనునది అందఱి స్థితిని చెప్పదు. గ్రామములలో అట్టడుగునున్న నూటికి అయిదుగురి తలసరి నెలవ్యయము 1,677 రూపాయలు. పైనున్న నూటికి అయిదుగురిది 10,137 రూపాయలు. కౌలుకు చేయు పేదరైతు సగటు నంకెను చూచి తన వ్యయమును దానికి సరిపెట్టుకొనబోయినచో అప్పే గతి.

ఒక నెల వలె ఇంకొక నెల యుండదు

ఇంతవఱకు ఏడాది సగటును చూచితిమి. సంసారము సగటున నడవదు, నెలనెలా నడచును. ధరయు అట్టిదే. 2023 జూలైలో దేశమున కూరగాయల ధరలు అంతకుముందటి జూలైకంటె నూటికి 37 వంతులు పెరిగినవి. టమాటా కిలో నూరు రూపాయలు దాటినది. మదనపల్లె మార్కెట్టునకు ఆ నెలలో సరుకు తెచ్చిన కొందఱు రైతులకు చేతినిండ సొమ్ము దొరకినది. ఆ ధరను చూచి నాటినవారి పంట సెప్టెంబరునకు వచ్చుసరికి ధర కూలిపోయి, కర్నూలు ప్రాంతమున కోత కూలియైనను రాక కాయలను పారబోయవలసివచ్చినది. కొనువాని సంచి మూడునెలలలో అంతగా మారలేదు. మారినది మార్కెట్టునకు వచ్చిన సరుకు. ఒక్క నెల ధరను నమ్మి పైరు వేయువాడు వెనుకటి బండి జాడను చూచి ముందుదారి నడచువాడే.

రైతుకుటుంబపు ఏడాదిని నెలలుగా విడదీసి చూచినచో అప్పు ఎచట పుట్టునో తెలియును. జూన్, జూలై మాసములలో విత్తనము, ఎరువు, దుక్కి కూలితోబాటు పిల్లల బడి జీతములు, పుస్తకములు, బట్టలు ఒక్కసారిగా మీదబడును. ఆగస్టు, సెప్టెంబరులలో కలుపు, పురుగుమందు, శ్రావణ మాసపు పూజలు, వానకాలపు జ్వరములు. దసరా, దీపావళి పండుగలకు బట్టలు, పిండివంటలు. ఇంతవఱకు రాబడి సున్న. నవంబరు, డిసెంబరులలో కోత. అప్పటికి అప్పులవారు కళ్లమువద్ద నిలుచుందురు. సంక్రాంతికి కొంత, మాఘ ఫాల్గుణములలో వివాహములకు కొంత. మరల జూన్ వచ్చునప్పటికి చేయి ఖాళీ. జూన్ నెల వ్యయము క్రొత్తగా వచ్చినది కాదు. ప్రతి సంవత్సరము వచ్చునదే. అయినను ప్రతి సంవత్సరము అనుకోని ఆపదవలె దానిని ఎదుర్కొనుచున్నాము.

ఇట్టి నెలలలో పదివేల రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చినచో నెలకు రెండువందలు. కోత వఱకు ఆరు మాసములకు పండ్రెండువందలు. 2019 లో తీసిన లెక్క ప్రకారము దేశమున వ్యవసాయ కుటుంబములలో నూటికి 50.2 అప్పులో నుండగా, ఆంధ్రప్రదేశ్‌లో 93.2, తెలంగాణలో 91.7 అప్పులో నుండినవి. కుటుంబమునకు సగటు అప్పు దేశమున 74,121 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554, తెలంగాణలో 1,52,113. దేశమంతటి యప్పులో వ్యవసాయము కొఱకు తెచ్చినది నూటికి 57.5 వంతులు మాత్రమే. తక్కినది ఇల్లు, వివాహము, వైద్యము, చదువు మొదలగు వానికి పోయినది. అనగా సంసారపు లెక్కను సవరింపక సేద్యపు అప్పును మాత్రమే సవరించినచో రోగము సగము అట్లే యుండును.

సభ్యులు చేయదగిన పనులు

మొదటిది, ఇంటి చిట్టా. పాతిక రూపాయల నోటుపుస్తకమైనను చాలును. ఆహారము, చదువు వైద్యములు, ప్రయాణము కరెంటు ఫోను, పండుగలు శుభకార్యములు, వడ్డీలు అని అయిదు పద్దులు చాలును. సేద్యపు వ్యయమును ఇందులో కలుపరాదు. దానికి వేఱు పుటలు. నెలాఖరున కూడి, పండ్రెండు నెలలు ముగిసిన పిమ్మట చూచుకొనవలెను. ఈ పని ఇంటి ఇల్లాలి చేతిలో పెట్టినచో తప్పక సాగును. నాలుగు మెతుకులు పట్టిన అన్నమంతయు తెలియునన్నట్లు, ఒక్క ఏడాది చిట్టాతో సంసారమంతయు తెలియును. పూటకొక తేనీరు చొప్పున దినమునకు ఇరువది రూపాయలు అంగడిలో పెట్టువాడు నెలకు 600, ఏడాదికి 7,200 పెట్టుచున్నాడు. తేనీరు త్రాగవలదని మేము చెప్పము. అంత పెట్టుచున్నానని తెలిసి త్రాగుట మేలు.

రెండవది, కోతనాటి పొదుపు. పంట సొమ్ము చేతికి వచ్చిన వారములోనే, చిట్టా చూపిన రాబోవు నెలల వ్యయమును సంఘమున డిపాజిట్టుగా ఉంచి, నెలకింత అని తీసికొనవలెను. నెలకు ఆరువేల రొక్కము కావలసిన యింటికి ఆరు మాసములకు 36,000. అది సంఘమున నున్నంతకాలము కొంత వడ్డీ తెచ్చును. చేతిలో నున్నచో దారి వెదకికొని పోవును. జూన్ నెల బడి ఖర్చును వేఱుగా కట్టి పెట్టవలెను.

మూడవది, ధాన్యపు తాకట్టు అప్పు. కోతకాలమున సరుకు ముంచుకొని వచ్చి ధర తగ్గును. గిడ్డంగి గల సంఘములలో ధాన్యమును నిలువచేసి, రసీదుమీద అప్పు పొంది, నాటి అక్కఱ తీర్చుకొని, ధర కుదిరినప్పుడు అమ్ముట మేలు. నిలువకు అగు అద్దెను, వడ్డీని, తరుగును ముందుగానే లెక్కించుకొనవలెను. ధర వానిని మించి పెరుగుననెడు నమ్మకము లేనిచో అమ్మివేయుటయే లెస్స.

నాలుగవది, కూడి కొనుటయు కూడి మార్చుటయు. ఏబది కుటుంబములు నూనె, పప్పులు, సబ్బు మొదలగు నెలసరుకులను సంఘముద్వారా టోకున కొన్నచో చిల్లర లాభము సభ్యులకే మిగులును. అట్లే కందులను పప్పుగాను, వేరుసెనగను నూనెగాను, మిరపను కారముగాను మార్చు చిన్న యంత్రములను సంఘములు పెట్టినచో, పైన చెప్పిన పొట్లముల రూపాయిలో కొంత గ్రామమున నిలుచును. కాని అమ్మకపు ఏర్పాటు చూచుకొనక యంత్రము కొనుట అవివేకము. మొదట సభ్యుల యిండ్లలోనే ఎంత చెల్లునో చిట్టాలనుబట్టి లెక్కించి, ఆ మేరకు మొదలిడవలెను. సభ్యుల చిట్టాలు సంఘమునకు ఉపకరించుట ఇట్లు.

అయిదవది, పంచాయతీదారులకు మనవి. అప్పు మంజూరు చేయునపుడు ఎకరముల లెక్కతోబాటు ఇంటి నెలవ్యయమును కూడ సభ్యుని అడుగుడు. అప్పు నిరాకరించుటకు కాదు, వాయిదాలను తగినట్లు కుదుర్చుటకు. పాడి గల సభ్యుడు పాల సొమ్మునుండి నెలవాయిదా కట్టగలడు. వరి మాత్రమే గలవాడు కోతకు కట్టగలడు. ఇద్దఱికి ఒకే గడువు విధించుటవలన బకాయి పెరుగుచున్నది.

ముగింపు

దేశము తన కుటుంబముల నెలవ్యయమును లెక్కించుకొని, దానినిబట్టి ధరల సూచికను కట్టుచున్నది, పేదఱికమును కొలుచుచున్నది. ఆ లెక్కలోని లక్షలాది కుటుంబములలో మన యిల్లు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. మన యింటి లెక్క మాత్రము మనము తప్ప వేఱెవరును వ్రాయరు. రానున్న నెల మొదటి తేదినుండి ప్రతి సభ్యుడు ఇంటి చిట్టాను ఆరంభింపవలెనని కోరుచున్నాము. ఏడాది చివర సంఘపు సర్వసభ్య సమావేశమున, పేర్లు చెప్పకయే, ఆ చిట్టాల మొత్తములను చదివికొన్నచో మన గ్రామము దేనికి ఎంత వెచ్చించుచున్నదో, అందులో ఎంత గ్రామమునకే మరలుచున్నదో అందఱికిని తెలియును. అప్పుడు ఏ పైరు వేయవలెను, ఏ సరుకు కూడి కొనవలెను, ఏ నెలకు ఎంత దాచవలెను అను ప్రశ్నలకు జవాబు మన చేతివ్రాతలోనే దొరకును.